ఎత్తుగడకు ముందు లేచే చెయ్యి

కొత్త అమావాస్యకు అనకాపల్లిలో నూకాలమ్మ జాతర మొదలైందంటే ఊరికి నిద్ర ఉండదు. ఉత్తరాంధ్రలో జాతర అంటే తప్పెటగుళ్ళు గుర్తుకు రావాల్సిందే. పదిహేను ఇరవై మంది మనుషులు, ఛాతీకి కట్టిన రేకు తప్పెటలు, కాళ్ళకు గజ్జెలు. గుంపుకు పెద్దయిన ఒకాయన పాట ఎత్తుకుంటాడు, మిగతావాళ్ళు అందుకుంటారు. అడుగు మారాల్సిన చోట ఆయన నోరు తెరిచి చెప్పేదేమీ ఉండదు. తప్పెట మీద ఒక దెబ్బ మారుతుంది, లేదా మోకాలు కాస్త వంగుతుంది. చూసేవాళ్ళకు ఆ సైగ కనబడనే కనబడదు. గుంపులో ఉన్నవాళ్ళకు మాత్రం అంత పెద్ద కబురు మరొకటి లేదు.

ఇప్పుడు ఆ పెద్దాయన మెడలోంచి తప్పెట తీసేసి, పాడొద్దని చెప్పి, గుంపుకు ఎదురుగా నిలబెడితే? ఉత్త చేతులతో, ఊపిరితో, కళ్ళతో ఇరవై గొంతుల్ని ఆయన ఒక్కటి చేయాలి. ప్రపంచంలో చాలా విశ్వవిద్యాలయాలు ఆ పని మీద పీజీ ఇస్తున్నాయి. క్వయర్ కండక్టింగ్, తెలుగులో చెప్పాలంటే బృందగానాన్ని నడిపించే విద్య.

గుంపుగా పాడడం తెలుగువాళ్ళకు కొత్త కాదు. భజన, కోలాటం, బుర్రకథ, త్యాగరాజ ఆరాధనలో పంచరత్నాల గోష్ఠిగానం. 2009 మే 10న హైదరాబాద్‌లో లక్షమందికి పైగా ఒక్కచోట కూర్చుని అన్నమయ్య సంకీర్తనలు పాడారు. ఉత్తరాంధ్రలో పురుషోత్తమ చౌదరి (1803–1890) రాసిన క్రైస్తవ కీర్తనలను నేటికీ సంఘమంతా గొంతు కలిపి పాడుతుంది. అయితే వీటన్నిటిలో అందరిదీ ఒకే వరస. నడిపించేవాడు కూడా ఆ వరసే అందరికంటే గట్టిగా పాడతాడు. రెండో గొంతుకు మన భాషలో ఉన్న మాట ‘వంత’. బుర్రకథలో వంతలు లేకపోతే కథే లేదు. అయినా ‘వంత పాడుతున్నాడు’ అంటే మనకు నిందే. రెండో గొంతుకు తనదంటూ ఒక బాట ఉంటుందని, అది మొదటి గొంతుకు ఎదురు నిలిచి కూడా తోడు కాగలదని ఈ విద్య నేర్పుతుంది.

అలాగని తెలుగు నేలకు దీని గాలే సోకలేదనలేం. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె బిసెంట్ థియొసాఫికల్ కళాశాలకు వచ్చారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ ఐర్లండ్‌లో సంగీతంలో డిగ్రీ చేసినవారు. ఠాగూర్ ‘జన గణ మన’ పాడి వినిపించారు, పల్లవికి విద్యార్థులు గొంతు కలిపారు. ఆ తర్వాత ఆ పాటకు మార్గరెట్ స్వరాలు రాసిపెట్టారు. ఆమె చేసింది క్వయర్ కండక్టర్ మొట్టమొదట చేసే పనే. ఒక మనిషి గొంతులో ఉన్న పాటను వందమంది ఒకేలా పాడుకోగలిగే కాగితంగా మార్చడం. అదే సంవత్సరం విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు ప్రిన్సిపాల్‌గా సంగీత కళాశాల మొదలైంది. అక్కడి నుంచి ద్వారం వెంకటస్వామినాయుడు లాంటి మహా విద్వాంసుల పరంపర సాగింది. మన సంగీత విద్య ఒక్క గొంతునో, ఒక్క వయొలిన్‌నో శిఖరానికి చేర్చే దారిలో నడిచింది. ఆ దారి గొప్పదే. బృందగానం మాత్రం పక్కన ఉండిపోయింది.

దాన్ని చేతికెత్తుకున్నవారు ఎం.బి. శ్రీనివాసన్. 1925లో చిత్తూరులో పుట్టారు. కర్ణాటక సంగీతం తెలిసినవారు, కమ్యూనిస్టు ఉద్యమంలో తిరిగినవారు. మద్రాసులో సినీ వాద్యకారులకు సంఘం కట్టారు, మలయాళ సినిమాలకు మరపురాని బాణీలిచ్చారు. బొంబాయిలో సలీల్ చౌధురి 1958లో యూత్ క్వయర్ పెట్టి చర్చి గోడల బయట బృందగానానికి బాట వేశారు. మద్రాసు యూత్ క్వయర్‌తో శ్రీనివాసన్ ఆ పనిని దక్షిణాదికి తెచ్చారు. ఆయన దగ్గర పాడినవాళ్ళు ఎక్కువమంది ఉద్యోగులు, విద్యార్థులు. పగలు ఆఫీసు, సాయంత్రం రిహార్సల్. తమిళ కవి భారతి పాటలకు ఆయన రెండు మూడు గొంతుల అల్లికలు కట్టారు. 1988లో లక్షద్వీప్‌లో కన్నుమూసేవరకూ మామూలు మనుషులతో పాడించడం ఆయన మానలేదు. చిత్తూరు జిల్లాలో ఎన్ని బడుల్లో ఆయన పేరు తెలుసో తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

ఇంతకీ ఈ విద్యలో నేర్చుకునేదేమిటి? మొదటి పాఠం చెయ్యి ఎత్తడం. తాళం వేసేవాడి చెయ్యి జరుగుతున్న అక్షరాన్ని లెక్కపెడుతుంది. ఆది తాళంలో లఘువుకు ఒక దెబ్బ, మూడు వేళ్ళు. ఆపైన రెండు ద్రుతాలు. మొత్తం ఎనిమిది. కండక్టర్ చెయ్యి మాత్రం రాబోయే అక్షరాన్ని చెప్పాలి. పాట మొదలయ్యే చోటును మనవాళ్ళు ‘ఎత్తుగడ’ అన్నారు. కండక్టర్ విషయంలో ఆ మాట అక్షరాలా నిజం. దెబ్బ పడేముందు చెయ్యి పైకి లేస్తుంది. అది ఎంత వేగంగా లేస్తే పాటకు అంత వేగం, ఎంత మెత్తగా లేస్తే గొంతుకు అంత మెత్తదనం. చేతితోపాటు కండక్టర్ ఊపిరి తీసుకుంటే ఎదుట ఉన్న ముప్ఫైమందీ తెలియకుండానే ఊపిరి తీసుకుంటారు. కండక్టర్ భుజాలు బిగిస్తే వాళ్ళ గొంతులూ బిగుస్తాయి. గురువులు ఈ ఒక్క కదలిక మీదే నెలలకొద్దీ పని చేయించేది అందుకే.

రెండోది అచ్చులు. పదిమంది ‘ఆ’ అంటే పది రకాల ‘ఆ’లు వస్తాయి. దవడ కొందరికి దిగుతుంది, కొందరికి దిగదు. అచ్చు కలవకపోతే శ్రుతి కలిసినా కలిసినట్టు వినిపించదు. ఇక్కడ తెలుగు పాటకు పుట్టుకతో వచ్చిన సౌకర్యం ఒకటుంది. మనది అజంత భాష. ఇంగ్లీషు క్వయర్‌లో మాట చివర వచ్చే ‘స్’ను ముప్ఫైమందీ ఒకే క్షణంలో ముగించకపోతే హాలంతా బుస కొడుతుంది. తెలుగు మాట అచ్చు మీద విడుస్తుంది గనక ఆ బాధ తక్కువ. బదులుగా ద్విత్వాలు పరీక్ష పెడతాయి. ‘అమ్మ’లో పెదవులు అందరివీ ఒక్కసారి మూసుకోవాలి, మూసుకున్నాక నాదం ముక్కులో సాగాలి. ‘చెట్టు’లో టకారం దగ్గర నాదం పూర్తిగా ఆగాలి, ఆ లిప్తపాటు నిశ్శబ్దాన్ని ముప్ఫైమందీ ఒకే కొలతలో పాటించాలి. కండక్టర్ బొటనవేలు, చూపుడువేలు చటుక్కున కలిపి ఆ చోటు చూపిస్తాడు. తెలుగు పాటలకు ఇలాంటి సైగలు ఎవరో ఒకరు కూర్చుని కట్టాల్సి ఉంది.

గమకం ఇంకా కష్టం. ఒక్క గాయకుడి గొంతులో ఊగే గాంధారం ప్రాణం పోస్తుంది. అదే గాంధారాన్ని ముప్ఫైమంది తలోరకంగా ఊపితే, కింద ఇంకో గొంతు నిలబడడానికి నేలే ఉండదు. కాబట్టి బృందగానం రాసేవాళ్ళు గొంతులు కలిసే చోట స్వరాన్ని నిలువుగా ఉంచి, ఒక్క వరస నడిచే చోట గమకానికి వీలిస్తారు. ఎక్కడ ఏది వదులుకోవాలో తెలియాలంటే కర్ణాటక, పాశ్చాత్య సంగీతాలు రెండూ తెలియాలి.

ఇక ఈ పీజీలో సీటు సంగతి. హంగరీలో స్వరకర్త కొడాయ్ పుట్టిన కెచ్‌కెమేట్ ఊళ్ళో ఆయన పేరిట 1975లో మొదలైన సంస్థ ఉంది. లండన్, స్టాక్‌హోమ్, అమెరికాల్లో పేరున్న విభాగాలున్నాయి. చాలాచోట్ల ముందు వీడియో అడుగుతారు. కచేరీ వీడియో ఒక్కటే పంపితే చాలదు, రిహార్సల్ వీడియో కూడా కావాలి. అది నచ్చితే ఆడిషన్‌కు పిలుస్తారు. ఎప్పుడూ చూడని క్వయర్ ఎదురుగా నిలబెట్టి పావుగంటో, ఇరవై నిమిషాలో ఇస్తారు. దాంతోపాటు చూడగానే స్వరాలు పాడడం, నాలుగు గొంతుల పాటను పియానో మీద వాయించడం, చెవి పరీక్ష, ముఖాముఖి.

ఆ పావుగంటలో చాలామంది దెబ్బతినేది మాటల దగ్గర. పాట ఆపుతారు, రెండు నిమిషాలు వివరిస్తారు, మళ్ళీ మొదటినుంచి పాడిస్తారు. పరీక్షకులు చూసేది వేరు. ఆల్టో గొంతుల్లో, అంటే ఆడవాళ్ళ కింది వరసలో, ఒక స్వరం దిగిందనుకోండి. అభ్యర్థి అది విన్నాడా? అది ఆల్టోలదేనని పట్టాడా? ఆపకుండా, అటు తిరిగి అరచేయి కాస్త పైకెత్తి సరిచేయగలిగాడా? ఆపాల్సి వస్తే ఒక్క వాక్యంలో చెప్పి, సరిగ్గా ఆ చోటునుంచే అందుకున్నాడా?

ఈ విద్య నేర్చుకోవాలనుకునే అనకాపల్లి పిల్లకు ఇందులో ఏది దగ్గర, ఏది దూరం? అయిదు గీతల నొటేషన్, పియానో దూరమే. మద్రాస్ మ్యూజికల్ అసోసియేషన్ (1893) లాంటి పాత క్వయర్లున్న చెన్నైకి వెళ్ళి కొన్నేళ్ళు పాడితే ఆ దూరం తగ్గుతుంది. కానీ సరళీ వరసలు పాడిన పిల్ల ‘స’ను ఏ శ్రుతిలోనైనా పెట్టుకోగలదు. కొడాయ్ పద్ధతికి పునాదీ అదే. జాన్ కర్వెన్ ప్రచారంలోకి తెచ్చిన చేతి గుర్తులతో ‘డో’ను, అంటే మన ‘స’ను, నడుము దగ్గర పెట్టి పై ‘డో’ను నుదుటి దగ్గరికి తీసుకెళ్తారు. చేతిమీద తాళం, నోట్లో స్వరం కలిపి పెరిగిన పిల్లకు అది కష్టమనిపించదు.

మొదలు పెట్టడానికి లండన్ దాకా వెళ్ళక్కర్లేదు. మాయామాళవగౌళలో మొదటి సరళీ వరసను రెండు జట్లతో పాడించవచ్చు. మొదటి జట్టు ‘గ’ దగ్గరికి రాగానే రెండో జట్టు ‘స’ ఎత్తుకోవాలి. స మీద గ, రి మీద మ, గ మీద ప... పై షడ్జమం వరకూ ప్రతి జంటా హాయిగా కలుస్తుంది. అక్కడ వరస వెనక్కి తిరిగేటప్పుడు రెండు అక్షరాలపాటు నిషాదం, షడ్జమం ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. పిల్లలు ఉలిక్కిపడి ఆగిపోయేది సరిగ్గా అక్కడే. ఎదురుగా ఉన్న టీచరు చెయ్యి తొణకకుండా సాగితే మూడో అక్షరానికి ధైవతం మీద షడ్జమం వచ్చి పడుతుంది, రెండు జట్లూ దిగడం మొదలుపెడతాయి.