ఆ మెట్లు ఎక్కేదెవరు?

టోక్యోలో గింజా అనగానే రంగుదీపాలూ, మేడల మీద బార్లూ, అర్ధరాత్రి దాకా నవ్వులూ! వెళ్లొచ్చిన మగవాళ్లు ఆ సరదాలు కథలు కథలుగా చెప్తారు. నవ్వుతూ గ్లాసు నింపిన ఆడమనిషి సంగతి మాత్రం చెప్పరు. దర్శకుడు మికియో నరుసే 1960లో ఆమె మీదే సినిమా తీశారు. 'స్త్రీ మెట్లెక్కే వేళ' అని దాని పేరుకి అర్థం.

కేకో భర్త పోయిన మనిషి. బారు నడుపుతుంది. అందరూ 'మామా' అంటారు. మన మామ కాదండోయ్, అమ్మ అని! రోజూ సాయంత్రం ఆ మెట్లెక్కాలంటే ఆమెకి ప్రాణం ఉసూరుమంటుంది. పైకెళ్లాక నవ్వక తప్పదు. మంచి కిమోనో కట్టకపోతే గిరాకీ ఉండదు, కడితే "నీకేం తక్కువ?" అని పుట్టింటివాళ్లు చెయ్యి చాస్తారు. ఈ మాట మనమూ ఎక్కడో విన్నట్టు లేదూ?

హిదేకో తకమినే తను ఏడవకుండా మనల్ని ఏడిపిస్తుంది. మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఆశపెట్టి తప్పుకోవడం మాత్రం కాస్త వరసపెట్టి పేర్చినట్టుంది.

చివర మళ్లీ అవే మెట్లు, అదే నవ్వు. నేను రాస్తే ఆమెకి పెళ్లి చేసి కథ ముగించేదాన్ని. ఆయన చెయ్యలేదు. అందుకే కాబోలు, ఆ నవ్వు నన్నింకా వదల్లేదు.