పేరు ఆమెది, పాట ఎవరిది?

ఫ్రెంచిలో 'లా ఫామ్' అంటే స్త్రీ. ఫలానా స్త్రీ అని కాదు, మొత్తంగా 'స్త్రీ'. ఈ పేరు పెట్టుకున్న బ్యాండును 2010లో ఫ్రాన్స్ నైరుతి తీరంలోని బియారిట్జ్ అనే ఊళ్లో మొదలుపెట్టింది మాత్రం ఇద్దరు కుర్రాళ్లు, సాషా గాట్, మార్లోన్ మాన్యే. పాటల వెనక ప్రధానంగా వాళ్లిద్దరూ ఉంటారు. వినిపించే గొంతు చాలాసార్లు ఎవరో ఒక అమ్మాయిది. ఆ అమ్మాయిలు వస్తుంటారు, వెళుతుంటారు. పేరు అలాగే ఉంటుంది.

నా పీహెచ్‌డీ పదసాహిత్యంలో నాయిక గొంతు మీద. క్షేత్రయ్య నాయిక అలిగినా, నిలదీసినా ఆ మాట పురుషుడు రాసింది, స్త్రీ పాడింది, ఆడింది. అయిదేళ్లు దానితో గడిపాక రాసిందెవరు, పాడిందెవరు అని అడగకుండా ఏ పాటా వినలేకపోవడం నాకొక జబ్బయింది. ఫ్రెంచి డిప్లొమా చదివే రోజుల్లో ఒక స్నేహితురాలు వినిపించిన 'సైకో ట్రాపికల్ బెర్లిన్' (2013) దగ్గర మాత్రం ఆ ప్రశ్న చాలా ఆలస్యంగా వచ్చింది. ముందు పాట నచ్చేసింది.

ఎందుకు నచ్చిందో చెప్పాలి. సముద్రతీరపు సర్ఫ్ గిటారు ఉరుకుతూ ఉంటుంది, దాని కింద ఎనభైల నాటి చల్లటి సింథసైజరు యంత్రంలా కొట్టుకుంటూ ఉంటుంది. ఈ రెంటి మీదా ఒక ఆడగొంతు, ఏ గమకమూ లేకుండా, ఎవరినీ బుజ్జగించకుండా, దాదాపు మాట్లాడుతున్నట్టు సాగిపోతుంది. సినిమా పాటల్లో ఆడగొంతంటే తీయగా, సన్నగా, సిగ్గుపడుతూ ఉండాలని విని పెరిగిన చెవులు నావి. ప్రేమించమని బతిమాలని ఆ గొంతు నాకు పెద్ద ఊరట. ఆ ఆల్బంకి 2014లో 'విక్తువార్ ద లా మ్యూజిక్' పురస్కారాల్లో ఆ ఏటి తొలి మెరుపుగా గుర్తింపు కూడా వచ్చింది.

తర్వాత అనుమానం మొదలైంది. ఏ ఉద్వేగమూ చూపని గొంతు స్వతంత్రమైన గొంతేనా? లేక బొమ్మ గొంతా?

ఫ్రెంచి పాప్‌లో ఈ ప్రశ్నకు పాత చరిత్రే ఉంది. 1965లో యూరోవిజన్ పోటీలో లక్సెంబర్గ్ తరఫున పాడి గెలిచిన ఫ్రాన్స్ గాల్‌కి అప్పుడు పదిహేడేళ్లు. రాసిచ్చింది సెర్జ్ గేన్స్‌బూర్. ఆ పాటలో ఆమె ఒక మైనపుబొమ్మ! మరుసటి ఏడు అతనే ఆమెచేత లాలీపాప్‌ల గురించి ఒక పాట పాడించాడు. అందులోని బూతు అర్థం వినేవాళ్లకు తెలుసు, పాడే పిల్లకు తెలియలేదు. తెలిశాక ఆ అవమానం ఆమెను చాలాకాలం వదల్లేదు. అదే కాలంలో ఫ్రాన్స్వాజ్ ఆర్డీ 1962లోనే తన పాట తాను రాసుకుని పాడింది. క్షేత్రయ్య నాయిక పక్కన ముద్దుపళని రాధను పెట్టి చదివిన మనకు ఈ తేడా విడమరిచి చెప్పనక్కర్లేదు.

'లా ఫామ్' కుర్రాళ్లు గేన్స్‌బూర్‌లు కారు. 2016లో వచ్చిన 'మిస్తేర్'లో 'మికోజ్' అనే పాట ఉంది. ఆడవాళ్లకు వచ్చే ఫంగస్ ఇన్ఫెక్షన్ గురించి, మామూలు పాప్ బాణీలో. స్త్రీ శరీరం వర్ణనగా కాక దురదగా, చికాకుగా పాటలోకి రావడం చిన్న సంగతి కాదు. మన కవిత్వంలో శరీరం గురించి రాసినందుకు మనవాళ్లు ఎన్ని మాటలు పడ్డారో తెలిసినవాళ్లం. అదే ఆల్బంలోని 'స్ఫింక్స్'లో క్లెమాన్స్ కెలెనెక్ గొంతు ఆ సింథసైజర్ల ప్రవాహాన్ని తనే నడిపిస్తుంది. నా లెక్కలో ఈ బ్యాండు శిఖరం అదే.

ఆ తర్వాత వేషాలు మారడం మొదలైంది. 2021లో 'పారాదిగ్మ్' బాకాలతో, కౌబాయ్ సినిమా ఛాయలతో వచ్చింది. 2022లో 'తియాత్రో లూసిదో' స్పానిష్‌లో, 2023లో 'పారీ-హవాయీ' పేరులోనే ఉన్న దీవుల గాలితో. 2024 అక్టోబరులో 'రాక్ మెషిన్', ఈసారి ఇంగ్లిష్‌లో. ఇది తేలిక దారి అని నేననను. ఫ్రెంచి రేడియోలు ఫ్రెంచి పాటలకు కొంత వాటా ఇచ్చి తీరాలన్న చట్టం 1996 నుంచి అమల్లో ఉంది, మొదట్లో ఆ వాటా నలభై శాతం. ఇంగ్లిష్‌లో పాడితే ఆ నీడ ఉండదు. అయినా పాడారు.

నా పేచీ ధైర్యంతో కాదు, గొంతుతో. ఫ్రెంచిలో ఆ నిర్లిప్తతకు ఒక పదునుండేది. ఆ భాషలో మాటలన్నీ ఒకే ఎత్తులో నడుస్తాయి కాబట్టి, ఎక్కడా ఊనిక లేకుండా పలికితే అది ధిక్కారంలా వినిపించేది. ఇంగ్లిష్‌లో అదే పలుకుబడి అరువు తెచ్చుకున్న యాసలా మిగిలింది. గిటార్లు ముందుకొచ్చాయి, బాగానే మోగాయి కూడా. నడుస్తూ వింటే హుషారే. కానీ రాక్ అనగానే వెంట వచ్చే ఆ పాత మగ చరిత్రని వాళ్లు ప్రేమించినంతగా ప్రశ్నించలేదు. నా చెవికి ఈ ఆల్బంలో కథానాయకుడు గిటారే. బ్యాండు పేరులో ఉన్న ఆవిడ అతిథిలా వచ్చిపోతుంది.

'రాక్ మెషిన్' వచ్చిన ఆరు వారాలకు, నవంబరులో, క్లారా లూసియానీ 'మోఁ సాఁ' వచ్చింది. 'నా రక్తం' అని అర్థం. ఈమె ఎవరో కాదు, పందొమ్మిదేళ్ల వయసులో కాన్‌లో 'లా ఫామ్' కచేరీకి వెళ్లి, ఆ పరిచయంతో వాళ్ల తొలి ఆల్బంలో పాడిన అమ్మాయి. తర్వాత బయటికొచ్చి తన పాటలు తాను రాసుకుంది. 2018 నాటి 'లా గ్రెనాద్' విన్నవాళ్లకు తెలుసు, అందులో ఆడదాని రొమ్ము కింద ఉన్నది గుండె మాత్రమే కాదు, గ్రెనేడ్. 2020లో ఆ ఏటి ఉత్తమ గాయని పురస్కారం ఆమెకే వచ్చింది.

రెండు ఆల్బంలనూ ఒకదాని వెంట ఒకటి చాలాసార్లు విన్నాను. ఆ తర్వాత 2013 ఆల్బం మళ్లీ పెట్టాను. అందులోని ఆడగొంతుల్లో ఏది క్లారాదో హెడ్‌ఫోన్లు చెవులకు నొక్కుకుని వెతుకుతున్నాను.