మట్టి పొరల చదువు

పురావస్తు శాస్త్రం ఎక్కడ చదవాలని అడిగే పిల్లలకు నేను ముందుగా పుణె డెక్కన్ కాలేజీ పేరే చెబుతాను. 1939లో అక్కడ పరిశోధన సంస్థ ఏర్పడినప్పుడు పురావస్తు శాస్త్రవేత్త హెచ్.డి. సంకాలియా వచ్చి చేరారు. ఆయన శిష్యులు, వాళ్ళ శిష్యులు దేశమంతా ఉన్నారు. మన కె. పద్దయ్యగారు అక్కడే పరిశోధన చేసి, అక్కడే డైరెక్టరయ్యారు.

ఆ చదువు సగం తవ్వకాల ట్రెంచ్‌లోనే సాగుతుంది. చేతిలో ఉండేది తాపీమేస్త్రి వాడే తాపీయే. నిలువుగా కోసిన మట్టిగోడను దానితో నున్నగా గీకి, కాసిని నీళ్ళు చిలకరిస్తే పొరలు తేటపడతాయి. పైన బూడిద, కింద గట్టిపడిన ఇంటి నేల, ఆ నేలను కోసుకుంటూ దిగిన ఒక గుంత. ఆ గుంత ఏ పొర నుంచి మొదలైందో ముందు తేల్చుకోవాలి. లోపల దొరికిన కుండపెంకు ఏ కాలానిదో చెప్పడానికి అదే ఆధారం. రెండు పొరల పెంకులు ఒకే సంచిలో పడ్డాయా, ఇక వేరుచేసే దారి లేదు. ఒకసారి తవ్విన పొర మళ్ళీ రాదు. అందుకే కొలతల దగ్గర, సంచికి కట్టే చీటీ దగ్గర గురువులు అంత కఠినంగా ఉంటారు. ఉండాలి కూడా.

పుణె జిల్లా ఇనాంగావ్‌లో డెక్కన్ కాలేజీ 1968 నుంచి 1983 దాకా తవ్వకాలు జరిపింది. మూడు వేల ఏళ్ళ నాటి తామ్రశిలాయుగపు పల్లె అది. ఇళ్ళ నేల కింద రెండేసి కుండలు మూతికి మూతి ఆనించి పడుకోబెట్టి ఉన్నాయి. వాటిలో పసిబిడ్డల ఎముకలు. పోయిన బిడ్డను తాము తిరిగే ఇంట్లోనే దాచుకున్న తల్లిదండ్రులు వాళ్ళు. పొరలు జాగ్రత్తగా చూడకుండా కుండలు మాత్రం పెకలించుకుని ఉంటే మనకు రెండు కుండలే మిగిలేవి.

మన నేలా తక్కువది కాదు. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు బూడిదదిబ్బను 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వితే, కొత్త రాతియుగపు పశువుల గిట్టల అచ్చులు పొరల్లో బయటపడ్డాయి. ఆ బూడిద దొడ్లో పోగుపడి కాలిన పేడ.

ఇలాంటి చోట్ల మట్టినే మనం పాటిమట్టి అని బండ్లకెత్తి పొలాలకు తోలుతున్నాం. మీ ఊళ్ళో పాటిదిబ్బ ఉంటే ట్రాక్టరు పెట్టేముందు పురావస్తు శాఖకు ఒక్క మాట చెప్పండి. పెంకులు కనబడితే ఏరి ఇంటికి తేకండి. ఉన్నచోటే ఫొటో తీసి, ఏ పొలమో రాసి పెట్టండి.