అన్నం పెట్టిన ఇల్లు, ఓడించిన మనుషులు

మాంగాలో కథానాయకుడు ఎదగడమంటే బలం పెరగడమేనని మనం అలవాటు పడిపోయాం. శత్రువు పెద్దవాడయ్యేకొద్దీ దెబ్బ కూడా పెద్దదవుతుంది. ఓడిపోయే క్షణంలో స్నేహితులు గుర్తుకొచ్చి నాయకుడికి ఎక్కడలేని సత్తువా పుట్టుకొస్తుంది. చికా ఉమినో 2007లో ‘యంగ్ ఏనిమల్’ పత్రికలో మొదలుపెట్టిన ‘సంగత్సు నో లయన్’లో లెక్క వేరు. ఇందులో రేయి కిరియామాను ఎవరూ ఓదార్చి బాగుచేయరు. ఎవరికో అతనితో కాస్త పని పడుతుంది. ఆ కాస్తా తనకు చేతకాదని తెలిసి సిగ్గుపడతాడు. ఆ సిగ్గులోంచి అంగుళం కదులుతాడు.

కిరియామాకు పదిహేడేళ్లు. షోగి అనే జపాన్ చదరంగంలో స్కూల్లో ఉండగానే ప్రొఫెషనల్ అయ్యాడు. చిన్నప్పుడే రోడ్డు ప్రమాదంలో అమ్మానాన్నా చెల్లీ పోయారు. తండ్రి స్నేహితుడు కోదా, తనూ షోగి ఆటగాడే, అంత్యక్రియల దగ్గర ఆ పిల్లవాణ్ని షోగి అంటే ఇష్టమా అని అడుగుతాడు. అవునంటాడు. అది అబద్ధం. ఆ అబద్ధంతోనే తిండీ నీడా సంపాదించుకున్నాడు. కోదా ఇంట్లో ఆటే కొలమానం కావడంతో, పరాయి పిల్లవాడు గెలిచినకొద్దీ సొంత పిల్లలు క్యోకో, అయుము తండ్రి చూపులోంచి జారిపోయారు. పరాయి గూట్లో పెరిగి, ఆ గూటి పిల్లల్నే బయటికి తోసేసే కకూ పిట్ట కథ టీవీలో చూసి, అది తన కథేననుకుంటాడు కిరియామా. (కాకి గూట్లో పెరిగే మన కోకిల పిల్ల మామూలుగా అంత కఠినం కాదు.) చివరికి ఇల్లు వదిలి, నది పక్కన ఒక ఖాళీ అపార్ట్‌మెంట్లో ఒంటరిగా ఉంటాడు.

నదికి అవతల కవామోతో అక్కాచెల్లెళ్లుంటారు: అకారి, హినాతా, చిన్నది మోమో. తల్లి లేదు, తండ్రి వదిలేసి పోయాడు. తాత సోమెజి మిఠాయి కొట్టు నడుపుతాడు. సీనియర్లు తాగించి రోడ్డు మీద వదిలేసిన కిరియామాను అకారి ఇంటికి తెచ్చిననాటి నుంచి ఆ ఇంటి భోజనంలో అతనికీ ఒక కంచం.

ఉమినో పనితనం ఇక్కడ చూడాలి. కిరియామా గది ఉన్న పుటల్లో గడులు వెడల్పుగా ఉంటాయి. మాటలు తక్కువ, తెలుపు ఎక్కువ. వంతెన దాటి అక్కాచెల్లెళ్ల ఇంట్లో అడుగుపెట్టగానే పుట కిక్కిరిసిపోతుంది. బుడగల్లో పట్టని మాటలు పక్కన చేతిరాతలో దొర్లుతుంటాయి. పిల్లుల మనసులో మాటలు కూడా అక్షరాలై కనిపిస్తాయి. అతనికి అక్కడ హాయిగా ఉందని రచయిత్రి వేరే చెప్పనక్కర్లేదు. కంటికే తెలిసిపోతుంది. అయినా ఆ హాయిని ఆమె మందులా వాడదు. భోజనం చేసి వెళ్లిన రాత్రే అతని గది ఇంకా ఖాళీగా ఉంటుంది.

క్యోకో పాత్ర మీద నాకు ప్రత్యేకమైన గౌరవం. ఆమె రాత్రిపూట వచ్చి, మర్నాటి ప్రత్యర్థి ఇంటి కష్టాలు తమ్ముడి చెవిన వేసి పోతుంది. యసుయితో ఆట అలాంటిదే. కుటుంబం విడిపోబోతోంది, కూతురితో అతనికి అదే చివరి క్రిస్మస్. ఓడిన యసుయి కూతురికి కొన్న బహుమతి మరిచిపోయి వెళ్తే, కిరియామా వెంటపడి ఇవ్వబోతాడు. అతను విసురుగా లాక్కుని పోతాడు. మరో రచయిత అయితే ఇక్కడ నాయకుడి కంట నీరు పెట్టించి ఊరుకునేవారు. ఉమినో అతని చేత పార్కులో గొంతు చించుకుని అరిపిస్తుంది: అన్నీ వదిలేసి ఈ ఒక్క ఆటనే పట్టుకున్నవాణ్ని నేను, మీ బతుకుల భారం నా నెత్తినెందుకు అని. మంచి కుర్రాడని మనం అనుకుంటున్నవాడిలో పులి బయటపడుతుంది. క్యోకో అతనికి చేసింది ద్రోహమే. కానీ ఆ అరుపు బయటికి లాగింది కూడా ఆమే. ఆ బంధాన్ని రచయిత్రి అతికించదు, తెంచదు.

షిమాదా అనే ఆటగాడితో పోటీ ఇంకో రకం దెబ్బ. కిరియామా కన్ను గోతో అనే మరో ఆటగాడి మీద ఉంది. మధ్యలో అడ్డొచ్చిన ఈ కడుపునొప్పి మనిషిని లెక్కచేయడు. బోర్డు మీద చిత్తుగా ఓడుతూ, తన పొగరు ఎదుటివాడికి మొదటి నుంచీ తెలుసని అర్థమై కుంచించుకుపోతాడు. ఆ తరువాత వెళ్లి, ఓడించినవాడి అధ్యయన బృందంలోనే చేరతానని అడుగుతాడు. అక్కడ నికాయిదో ఉంటాడు. చిన్నప్పటి నుంచీ జబ్బుతో ఉంటూ, తనకు తానే కిరియామా ప్రత్యర్థినని చాటుకునే ఆ బొద్దు కుర్రాడు ఒకసారి టీవీలో వ్యాఖ్యానం చెబుతూ, నిన్ను నువ్వు కాపాడుకోమని మైకులోనే స్నేహితుడి మీద అరుస్తాడు.

ఇక హినాతా, ముద్దుగా హినా. తరగతిలో ఒక స్నేహితురాల్ని అందరూ వేధిస్తుంటే అడ్డుపడింది. ఆ పిల్ల ఊరు విడిచి వెళ్లాక వేధింపు హినా మీదికి మళ్లింది. నది ఒడ్డున వెక్కివెక్కి ఏడుస్తూనే, తాను చేసింది తప్పు కాదని తెగేసి చెబుతుంది. ఓదార్చడానికి పరుగెత్తుకొచ్చిన కిరియామా నిలబడిపోతాడు. బడిలో ఒంటరిగా కూర్చున్న చిన్నప్పటి తన పక్కన ఇన్నేళ్లకు ఒకరు వచ్చి నిలబడ్డట్టు ఉంటుంది అతనికి. సాయం చేయబోయినవాడే సాయం పొందుతాడు. ఈ పుస్తకానికి గుండె ఇదే.

రుణం తీర్చుకోవాలనుకుంటాడు. అతనికి తెలిసిన దారి ఒక్కటే: ఆటలు గెలిచి డబ్బు కూడబెట్టడం, అవసరమైతే ఆమెను వేరే బడికి మార్చడం. అతని బడిలోని హయాషిదా మాస్టారు, అసలు హినాను అడిగావా అని ఒక్క ప్రశ్నతో గాలి తీసేస్తాడు. నవ్వొస్తుంది, జాలేస్తుంది. యువ ఆటగాళ్ల పోటీ ఫైనల్లో దూకుడు ఎత్తుకు చెయ్యి వెళ్తుండగా నికాయిదో అరుపు గుర్తొచ్చి, ఆగి, నిదానమైన రక్షణ ఎత్తు వేసి గెలుస్తాడు. స్నేహితుడి మాట ఇక్కడ శక్తినివ్వలేదు, చేతిని ఆపింది. గెలిచి నేరుగా క్యోటో పరుగెత్తి, స్కూలు యాత్రలో ఒంటరైపోయిన హినాను కామో నది దగ్గర వెతికి పట్టుకుంటాడు.

2011లో మాంగా తైషో, 2014లో తెజుకా ఒసాము సాంస్కృతిక పురస్కారం ఈ కథకు వచ్చాయి. లోపం లేదని కాదు. అక్కాచెల్లెళ్లను వదిలేసిన తండ్రి సెయ్‌జిరో తిరిగొచ్చే భాగంలో ఉమినో తూనిక కాస్త ఒరిగింది. హినాను వేధించిన పిల్లకు కూడా ఒక లోపలి గది ఇచ్చిన రచయిత్రి, ఈ మనిషికి వెకిలి నవ్వు తప్ప మరేమీ ఇవ్వలేదు. కానీ ఆ భాగంలోనే, ఇల్లు లాక్కోవాలని చూస్తున్న ఆ తండ్రి ముందు కిరియామా ఉన్నట్టుండి, హినాను పెళ్లి చేసుకుంటానని ప్రకటిస్తాడు. అంతా నోళ్లు తెరుస్తారు. హినా అందరికంటే ఎక్కువ తెరుస్తుంది. మాస్టారు అప్పుడంతగా చెప్పినా, ఈసారి కూడా కిరియామా ఆ పిల్లను ముందుగా అడగలేదు.