నుదుటి మీద రాసిన ప్రకటన

మా ఇంట్లో తలనొప్పికి రాసుకునే మందు ఏ కంపెనీదైనా దాని పేరు అమృతాంజనమే. "ఆ అమృతాంజనం ఇలా తేవే" అని నాయనమ్మ కేకేసేది. తెచ్చిచ్చిన సీసా మీద ఇంకో పేరు ఉన్నా ఆవిడకు పట్టేది కాదు. ఒక్క సరుకు పేరు ఆ రకం సరుకులన్నిటికీ పేరైపోవడం ఏ వర్తకుడికైనా దక్కగల పెద్ద గౌరవం. ఆ పేరును జనం నోట నిలబెట్టినవారు కృష్ణాజిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు. ఆంధ్రపత్రిక స్థాపకుడిగా, భారతి పత్రిక ప్రచురించినవారిగా, దేశోద్ధారకుడిగా ఆయన్ని తెలుగువాళ్లు తలుచుకుంటూనే ఉన్నారు. ఆయన సరుకు అమ్మిన పనితనం గురించి మాత్రం తక్కువగా మాట్లాడుకున్నాం. దానధర్మాల పక్కన వ్యాపారం చిన్నదిగా తోస్తుంది కాబోలు. నాకు అలా తోచదు. ఆయన ఇచ్చినదంతా ఈ అమ్మకంలోంచే వచ్చింది. అందుకే ఆ అమ్మకాన్ని కంసాలి పనిని చూసినట్టు దగ్గర పెట్టుకుని చూడాలనిపిస్తుంది.

బందరులోనూ మద్రాసులోనూ చదువుకుని, కలకత్తాలో మందుల తయారీ చూసి నేర్చుకుని, బొంబాయి చేరి ఒక యూరోపియన్ కంపెనీలో ఉద్యోగం చేశారాయన. 1893లో అదే ఊళ్లో సొంతంగా అమృతాంజనం మొదలుపెట్టారు. అప్పటికి ఆయనకు 26 ఏళ్లు. చుట్టూ వినిపించేవి మరాఠీ, గుజరాతీ. ఊరు కొత్తది, పేరు కొత్తది, మందూ కొత్తది. కొత్తవాడి మందును ఎవరు కొంటారు? తినేదైతే రంగు చూసి కొంటారేమో, గుడ్డైతే వేళ్లతో నలిపి చూసి కొంటారేమో. మందును మాత్రం తెలిసినవాళ్లు చెబితేనే కొంటారు. ఆ చెప్పేవాళ్లే ఆయనకు లేరు.

అప్పుడాయన చేసిన పనిని చాలామంది ఒక్క వాక్యంలో చెప్పేసి దాటిపోతారు. సంగీత కచేరీలకు వచ్చినవాళ్లకు అమృతాంజనం ఉచితంగా పంచిపెట్టారు. ఉచితంగా ఇవ్వడంలో కొత్తదనమేమీ లేదు. చార్మినార్ దగ్గర అత్తరు అమ్మేవాళ్లు మణికట్టు మీద చుక్క రాయకుండా బేరం మొదలుపెట్టరు. రోడ్డు పక్కన మామిడిపళ్లు అమ్మే అవ్వ ముందు ఒక ముక్క కోసి చేతిలో పెడుతుంది. పంతులుగారి పనితనమంతా చోటు ఎంచుకోవడంలో ఉంది.

కచేరీ అంటే ఏమిటో ఒకసారి ఆలోచించండి. ఆ రోజుల కచేరీ గంటల తరబడి సాగేది. మెడ నొస్తుంది, నడుం పట్టేస్తుంది. దీపాల వేడి, జనం ఉక్క, వీటికి తోడు నిద్ర ఆపుకోవడం వల్ల తలనొప్పి. అంటే, మొదటి సంగతి, ఈ మందు అవసరం ఆ సభలోనే, ఆ కూర్చున్నచోటే పుడుతుంది. బజారులో నిలబడి పంచితే, పుచ్చుకున్నవాడికి ఆ క్షణాన నొప్పి ఉండకపోవచ్చు. సీసా ఇంటికి తీసుకెళ్లి గూట్లో పెట్టి మరిచిపోతాడు. కచేరీలో అయితే రాసుకోకుండా ఉండలేడు.

రెండోది, గుణం తెలిసే వేగం. కర్పూరం, పుదీనా పువ్వు, నీలగిరి తైలం లాంటివి కలిసిన లేపనం నుదుటికి తగిలిన నిమిషంలోనే చురుక్కుమంటుంది, ఆ వెంటనే చల్లబడుతుంది. పని చేస్తోందని చర్మమే చెబుతుంది. నెల రోజులు వాడితే గానీ గుణం కనిపించని లేహ్యాన్ని ఇలా పంచి ఉంటే డబ్బు బూడిదలో పోసినట్టే అయ్యేది. తన సరుకు సత్తా ఎంతసేపట్లో బయటపడుతుందో తెలిసిన మనిషి మాత్రమే ఈ ఎత్తు వేయగలడు.

మూడోది నాకు అన్నిటికంటే నచ్చే సంగతి, వాసన. ఒకరు రాసుకుంటే ముందు వరసకూ వెనక వరసకూ తెలిసిపోతుంది. పక్కాయన తలతిప్పి "ఏమిటండీ అది?" అని అడుగుతాడు. రాసుకున్నాయన చెబుతాడు. చెప్పేవాళ్లు లేరన్న కొరత ఒక్క సాయంత్రంలో తీరిపోతుంది. పైగా ఆ చెప్పేవాడు అమ్మకందారు కాదు, పక్కన కూర్చున్న రసికుడు. ఆ పక్కాయన రేపు డబ్బులిచ్చి కొనగలిగినవాడే, ఎందుకంటే కచేరీకి తీరిగ్గా వచ్చి కూర్చున్న మనిషి. ఒక సీసా ఇరవై నుదుళ్లకు సరిపోతుందనుకుందాం. ఆ ఇరవై మంది చుట్టూ ఎంతమంది ముక్కులు ఉన్నాయో లెక్కేసుకుంటే, సీసా ఖరీదు ఏ గోడ ప్రకటనకైనా చవక.

ధైర్యం అనే మాటను వ్యాపారంలో మనం పెద్ద అప్పుకీ, పెద్ద బోర్డుకీ వాడతాం. ఇది వేరే రకం ధైర్యం. చేతిలో కొద్దిపాటి సరుకున్న కుర్రవాడు దాన్ని పైసా పుచ్చుకోకుండా ఇచ్చేశాడు. సరుకు మీద ఎంతో నమ్మకం ఉంటే గానీ చేతులు అలా రావు. నాసిరకం మందైతే ఈ పద్ధతే దాన్ని ముంచేసేది, ఎందుకంటే గుణం లేదన్న మాట కూడా అదే వరసల మధ్య అంతే వేగంగా పాకుతుంది.

పేరులోనూ అదే చెయ్యి కనిపిస్తుంది. అమృతం, అంజనం. మరాఠీవాడికీ గుజరాతీవాడికీ తమిళుడికీ తెలుగువాడికీ వివరించనక్కర్లేని రెండు సంస్కృత పదాలు. మన పల్లెల్లో అంజనం అంటే పోయిన వస్తువును, దాగిన నిధిని చూపించే కాటుక కూడా. ఆ మాటలో కొంచెం మహిమ ముందే ఉంది. సీసా మూత తీయకముందే మందు సగం పని చేసేసింది.

1907లో సూరత్ కాంగ్రెస్ మహాసభ చూసి వచ్చాక తెలుగువాళ్లకు సొంత పత్రిక కావాలని ఆయనకు గట్టిగా అనిపించింది. 1908లో బొంబాయి నుంచే ఆంధ్రపత్రిక వారపత్రిక వెలువడింది. చదివేవాళ్లలో ఎక్కువమంది ఎక్కడో కృష్ణా గోదావరి తీరాల్లో, అచ్చు అరేబియా సముద్రం ఒడ్డున! లెక్కలు చూసుకునే వర్తకుడు చేసే పని కాదిది. కానీ ఆయన దగ్గర అప్పటికే ఒక మందు ఉంది, అది డబ్బు తెస్తోంది, ఆ డబ్బు పత్రికను మోసింది. పత్రిక తిరిగి అమృతాంజనం ప్రకటనను తెలుగు ఊళ్లకు మోసింది. ఏది దేనికోసం పుట్టిందని విడదీయడం కష్టం. నా మటుకు నాకు పత్రిక మందు అమ్మడానికి పెట్టింది కాదనే అనిపిస్తుంది. అమ్మకం కోసమే అయితే ప్రకటనలు వేరేవాళ్ల పత్రికల్లో వేయించుకుని ఊరుకునేవారు. 1914లో పత్రిక మద్రాసుకు మారి దినపత్రిక అయింది.

ఆంధ్రపత్రిక ఉగాది సంచికలు చూసినవాళ్లకు ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. చేతికి బరువుగా ఉండే పుస్తకం, పండితుల వ్యాసాలు, కవిత్వం, రంగుల బొమ్మలు. నేను చూసినవి ఒక పాత గ్రంథాలయంలో, అట్టలు ఊడి, దారాలు తేలి ఉన్నాయి. అయినా ఒక్కొక్క పుట తిప్పుతుంటే జాగ్రత్తగా తిప్పాలనిపించింది. దినపత్రిక సాయంత్రానికి పొట్లం కాగితమైపోతుంది. ఇలాంటి సంచికను ఎవరూ పొట్లాలు కట్టరు. ఏడాదంతా ఇంట్లో ఉంటుంది, పక్కింటివాళ్లు అడిగి తీసుకెళతారు, కూర్చునే గదిలో కనబడుతుంది. కచేరీ సభలో వాసన చేసిన పనే ఇక్కడ పుస్తకం చేసింది. ఇచ్చిన వస్తువు పుచ్చుకున్నవాడి దగ్గర ఆగిపోకుండా పక్కవాడి దాకా వెళ్లడం ఆయన పనులన్నిటిలో ఉన్న గుణం. 1924లో భారతి వచ్చింది, 1926లో ఆంధ్ర గ్రంథమాల మొదలైంది. వీటన్నిటి వెనుకా ఆ పసుపుపచ్చ లేపనమే ఉంది.

ఈ మధ్య ఒక తిరునాళ్లలో పచ్చళ్లు అమ్మే ఆవిడ దగ్గర ఆగాను. స్టీలు గిన్నెలో వేడి అన్నం పక్కన పెట్టుకుంది. అడిగినవాళ్లకు రెండు మెతుకులు గోంగూరతో కలిపి ఆకు ముక్క మీద పెడుతోంది. ఉత్త పచ్చడి నాలుక మీద వేస్తే ఉప్పూ కారమే తెలుస్తాయి, అన్నంతో తింటేనే రుచి తెలుస్తుందని ఆవిడకు ఎవరూ చెప్పి ఉండరు. పక్క దుకాణంలో పెద్ద ఫ్లెక్సీ ఉంది, మైకు ఉంది, ధర కూడా తక్కువే. జనం మాత్రం అన్నం గిన్నె చుట్టూ ఉన్నారు. పంతులుగారు బతికుంటే ఆ గిన్నె దగ్గర కాసేపు నిలబడేవారని నా నమ్మకం.

ఆయన 1938లో కన్నుమూశారు. చెన్నైలో మైలాపూరు లజ్ దగ్గర ఆయన పేరు మీద ఒక పార్కు ఉంది. చెట్ల కింద పెద్దవాళ్లు నడుస్తుంటారు. అప్పుడప్పుడు ఆదివారం పొద్దున అక్కడ చిన్నపిల్లలు మైకు లేకుండా కచేరీ చేస్తారు. గొంతు ఎంతదూరం వెళితే అంతదూరం జనం దగ్గరికి జరిగి కూర్చుంటారు.