బృందకార్యంలో సమస్యాధారిత అభ్యసనం: తెలుగు సాహిత్య బోధనలో ఒక పరిశీలన

1. ప్రవేశిక

కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ వైద్యవిద్యలో 1969లో మొదలైన సమస్యాధారిత అభ్యసనం క్రమంగా ఇతర శాస్త్రాలకూ విస్తరించింది. ఈ పద్ధతిలో ముందు సమస్య ఎదురవుతుంది. దానిని విప్పడానికి కావలసిన జ్ఞానాన్ని విద్యార్థులే బృందంగా అన్వేషిస్తారు. తెలుగు తరగతి గదిలో బృందకార్యం పేరుతో జరిగేది చాలావరకు దీనికి భిన్నం.

2. విభజన దోషం

ఐదుగురు విద్యార్థులకు ‘గురజాడ రచనలు’ అనే అంశం ఇస్తే ఒకరు జీవితాన్ని, ఒకరు కథలను, మరొకరు గేయాలను పంచుకుంటారు. చివరికి ఐదు భాగాలనూ ఒకే అట్టలో బైండు చేసి సమర్పిస్తారు. ఎవరి భాగం వారికే తెలుస్తుంది. పరస్పరం వాదించవలసిన అవసరం ఎక్కడా రాదు. విద్యార్థుల శ్రద్ధను నిందించడానికి ముందు ఇచ్చిన అంశాన్ని పరీక్షించాలి. అందులో శీర్షిక ఉంది, సమస్య లేదు.

3. సమస్య స్వరూపం

‘కన్యాశుల్కం’ 1897 ముద్రణకూ 1909 ముద్రణకూ మధ్య ఎంతో మారింది. నాటకం పెరిగింది, మధురవాణి పాత్ర విస్తరించింది. ‘కళాశాల వేదికపై రెండు గంటల్లో ప్రదర్శించాలంటే ఏ ప్రతిని స్వీకరించాలి? ఎందుకు?’ అనే ప్రశ్నను ముక్కలుగా పంచుకోవడం కష్టం. పాత్రను పరిశీలించేవారూ, నిడివిని లెక్కించేవారూ రెండు ప్రతులనూ చదవక తప్పదు. ఆ రెండు పక్షాల మధ్య పుట్టే వాదమే సాహిత్య విమర్శకు తొలి అభ్యాసం.

4. క్రమం, మార్గదర్శనం

నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయంలో స్థిరపడిన ఏడు దశల క్రమంలో మొదటి ఐదు సామూహికం, ఆరోది స్వీయాధ్యయనం, ఏడోది మళ్ళీ కలిసి చేసే సమన్వయం. మన బృందకార్యాల్లో లోపిస్తున్నవి మొదటి ఐదూ, చివరిదీ. మార్గదర్శనం కొరవడిన పద్ధతులు కొత్త అభ్యాసకులకు భారమవుతాయని 2006లో కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ విమర్శించారు. ఈ పద్ధతిలో మార్గదర్శనం పుష్కలంగానే ఉంటుందని మరుసటి ఏడాది హ్మేలో-సిల్వర్, డంకన్, చిన్ సమాధానమిచ్చారు. ఆనాటి వ్యావహారికం, సామాజిక నేపథ్యం తెలియని విద్యార్థి చేతికి రెండు ప్రతులిచ్చి వదిలేస్తే మొదటి విమర్శే నిజమవుతుంది. అధ్యాపకుడు తీర్పు చెప్పకుండా, పోల్చదగిన రంగాలను ఎంచి ఇవ్వాలి.

5. ముగింపు

బృందమంతటికీ ఒకే మార్కు వేస్తే చదివినవారికి అన్యాయం. వ్యక్తిగత మార్కులు మాత్రమే ఇస్తే కలిసి ఆలోచించే ప్రేరణ పోతుంది. ఉమ్మడి నిర్ణయానికి కొన్ని మార్కులు, దానిని సమర్థిస్తూనో విభేదిస్తూనో ప్రతి విద్యార్థీ రాసే ఒక పుటకు కొన్ని మార్కులు కేటాయించడం సముచితం. విభేదించినవారికీ మార్కులు దక్కినప్పుడే బృందంలో నిజమైన చర్చ సాగుతుంది.