కలలో క్యాప్ ల్యాంపు

భూగర్భ గనిలో పనికి దిగేముందు కర్రతోనో గడ్డపారతోనో పైకప్పును కొట్టి చూస్తారు. ఖంగుమంటే గట్టి రూఫ్. గుల్లగా మోగితే లోపల పొర వదిలినట్టే. దాన్ని దించేదాకా ఎవరూ దాని కింద నిలబడరు. ఎంత అనుభవమున్న, గనిలో భద్రత చూసే సర్దారైనా నిన్న బాగానే ఉంది గదా అని ఇవాళ కొట్టకుండా పోడు. గోదావరిఖని బొగ్గు బాయిల్లో పనిచేసిన మాబోటివాళ్లకు ఒంటబట్టిన అలవాటిది. కలగంటూనే ‘ఇది కల’ అని గుర్తుపట్టే విద్యకు కూడా మూలం ఇదే అలవాటని నా నమ్మకం. కళ్లముందు ఉన్నదాన్ని ఉన్నట్టుగా ఒప్పుకోకుండా, ఒకసారి కొట్టి చూడడం.

ఈ విద్యను ఇప్పుడు లూసిడ్ డ్రీమింగ్ అంటున్నారు. డచ్ రచయిత, మనోవైద్యుడు ఫ్రెడరిక్ వాన్ ఈడెన్ 1913లో రాసిన వ్యాసంతో ఆ పేరు నిలిచింది. రుజువు మాత్రం 1975 ఏప్రిల్‌లో దొరికింది. కలలొచ్చే నిద్రలో ఒళ్లు చచ్చుబడినట్టు ఉంటుంది, కళ్లు మాత్రం కదులుతాయి. ఇంగ్లండ్‌లోని హల్ యూనివర్సిటీలో కీత్ హెర్న్ ఆ కళ్లనే వాడుకున్నాడు. కల అని తెలియగానే చూపును కుడిఎడమలకు ఇన్నిసార్లు తిప్పాలని ఆలన్ వర్స్‌లీ అనే అతనితో ముందే అనుకున్నాడు. అతను కలల నిద్రలో ఉండగా యంత్రం మీద ఆ గీతలు పడ్డాయి. తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లబెర్జ్ ఇదే దారిలో చాలా దూరం నడిచాడు. 2021లో అమెరికా, ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్ ప్రయోగశాలలు కలలో ఉన్నవాళ్లను చిన్న లెక్కలు అడిగితే, కొందరు నిద్రలోంచే సరైన జవాబు చెప్పారు.

మన దగ్గర ఈ ఆలోచన చాలా పాతది. బృహదారణ్యకోపనిషత్తులో జనకుడు యాజ్ఞవల్క్యుణ్ణి అడుగుతాడు: మనిషికి వెలుగేది? సూర్యుడు. సూర్యుడు అస్తమిస్తే? చంద్రుడు. అదీ లేకపోతే నిప్పు, అదీ ఆరిపోతే మాట. అన్నీ పోయాక తనకు తానే వెలుగు అంటాడు ఋషి. అక్కడినుంచే కలలోకి వెళ్తాడు. రథాలూ దారులూ లేనిచోట మనిషి వాటిని తానే సృష్టించుకుంటాడని చెబుతాడు. దీపం ఆర్పితే సొంత చెయ్యి కంటికి కనిపించని చోట పనిచేసినవాడికి ఈ సంభాషణ వేదాంతంలా అనిపించదు, రోజూ ఎదురయ్యే సంగతే. పతంజలి కూడా సమాధిపాదం 38వ సూత్రంలో కలలోని, నిద్రలోని ఎరుకను ఆధారం చేసుకున్నా మనసు నిలుస్తుందన్నాడు. ఇలాంటి ఆలోచనను సాధన పద్ధతిగా పట్టువదలకుండా పెంచినవాళ్లు టిబెట్ బౌద్ధులు. నారోపా పేరున నడిచే ఆరు యోగాల్లో స్వప్నయోగం ఒకటి. పగలంతా కనిపించే ప్రతిదాన్నీ ‘ఇది కల’ అనుకుంటూ గడిపి, రాత్రి కుడిపక్కకు తిరిగి అదే సంకల్పంతో పడుకుంటారు.

లబెర్జ్ నేర్పిన పద్ధతీ దీనికి దగ్గరిదే. వచ్చిన కల గుర్తు చేసుకుని, ‘ఈసారి కలగనేటప్పుడు ఇది కల అని గుర్తుకు రావాలి’ అనుకుంటూ నిద్రలోకి జారడం. దానికి తోడు పగలు పరీక్షలు చేయాలి. రాసి ఉన్న అక్షరాలను రెండుసార్లు చదవాలి, కలలో అవి చాలాసార్లు మారిపోతాయి. నాకు బాగా పనికొచ్చింది ఇంకొకటి. కలలో స్విచ్ వేసినా వెలుగు చాలాసార్లు మాట వినదని హెర్న్ గమనించాడు. మేం బాయి దిగేముందు ల్యాంప్ రూమ్‌లో బిళ్ల ఇచ్చి, టోపీకి తగిలించుకునే క్యాప్ ల్యాంపు తీసుకోగానే ఎలాగూ ఒకసారి వెలిగించి, ఆర్పి చూసుకుంటాం. పైన, అక్కడే నిలబడి నన్ను నేను అడగడం మొదలుపెట్టాను: నేనిప్పుడు కలలో ఉన్నానా?

పైకప్పు కూలే కల బాయి పని చేసినవాళ్లలో చాలామందికి వస్తుంది. నాకూ వచ్చేది. గ్యాలరీలో కర్ర సపోర్టులు టప్‌టప్‌మని పగులుతుంటాయి, పరుగెత్తాలి, కాళ్లు లేవవు. ఒక కలలో చెయ్యి అలవాటుగా ల్యాంపు మీదికి పోయింది. ఆర్పాను. గోడమీద బొగ్గు అంతకు ముందులాగే మెరుస్తోంది. అప్పుడు తెలిసింది. సంతోషంతో గుండె దడదడలాడితే మెలకువ వచ్చేస్తుంది కాబట్టి, ముందే నేర్చుకున్నట్టు రెండు అరచేతులూ రుద్దుకున్నాను. బొగ్గు మీద చెయ్యి పెట్టాను. చల్లగా, గరుకుగా, అంచు దగ్గర పదునుగా ఉంది. పైన పగుళ్ల చప్పుడు ఆగలేదు, అయినా దాని కిందే నిలబడి విన్నాను. ఆ తర్వాత ఆ కల రావడం తగ్గింది, వచ్చినా చెమటలు పట్టించలేదు.

ఇది నా ఒక్కడి అదృష్టం కాదు. 2006లో నెదర్లాండ్స్ పరిశోధకులు స్పూర్మేకర్, వాన్ డెన్ బౌట్ ఓ చిన్న బృందానికి ఈ విద్య నేర్పి చూస్తే పీడకలలు తగ్గాయి. కలలో ఎగరడం, కోరుకున్నవాళ్లను కలవడం లాంటి వినోదాల గురించే అందరూ చెబుతారు. నా దృష్టిలో దీని విలువ భయం దగ్గరే ఉంది.

ఒక్క జాగ్రత్త గట్టిగా చెప్పాలి. ఈ విద్య కోసం చాలామంది నిద్ర మధ్యలో అలారం పెట్టుకుని లేవమంటారు. నైట్ షిఫ్టు వారంలో ఆ పని అసలు వద్దు. పగటి నిద్ర ముందే తక్కువ, అదీ తునకలు తునకలు. మన ఎండాకాలంలో కరెంటు పోతే అదీ ఉండదు. కునుకుపాట్లతో బాయి దిగడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. నిజమేదో భ్రమేదో తెలియని మానసిక వ్యాధి ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా దీని జోలికి పోవద్దు.

అనువైనది సెకండ్ షిఫ్టు వారం. రాత్రి పదకొండుకు షిఫ్టు దిగి, స్నానం, అన్నం అయ్యి పడుకునేసరికి ఒంటిగంట. పిల్లలు బడికి తయారయ్యే సందడికి దానంతటదే మెలకువ వస్తుంది. తెల్లవారే కొద్దీ కలల నిద్ర నిడివి పెరుగుతుంది కాబట్టి సరైన వేళ అదే. లేచి మంచినీళ్లు తాగి, గుర్తున్న కల రెండు ముక్కలు కాగితం మీద పెట్టి, సంకల్పం చెప్పుకుని మళ్లీ పడుకోవాలి. నాకు ఎరుకతో వచ్చిన కలల్లో ఎక్కువ భాగం ఆ రెండో నిద్రలో వచ్చినవే.